ఈతరసం... గబ్బిలం... మధ్యలో ఓ వెదురుచాప!

చలికాలం తెల్లవారుజామున గ్లాసుడు ఈతరసం తాగడం బంగ్లాదేశ్ పల్లెల్లో తరతరాల అలవాటు. అదే రసం కోసం రాత్రంతా గబ్బిలాలూ వస్తాయి. ఆ రెంటి మధ్య దాగున్న ‘నిపా’ వైరస్ గుట్టు విప్పడానికి పరిశోధకులు ఆరేళ్లపాటు చెట్లకింద నిద్ర మానుకుని కాపలా కాశారు. వేల గబ్బిలాలను పట్టారు, పరీక్షించారు, మళ్లీ వదిలేశారు. ఆ కాపలాకు కేంద్రం... ఫరీద్‌పూర్.

ఢాకా నుంచి నైరుతిగా బయల్దేరితే మొదట అడ్డొచ్చేది పద్మ. మన గంగానదే సరిహద్దు దాటాక అక్కడ పద్మ అవుతుంది. 2022 జూన్‌లో వంతెన తెరిచేదాకా దాన్ని దాటాలంటే రేవులో పడిగాపులు కాయాల్సిందే. ఇప్పుడు బస్సులు నేరుగా వంతెనెక్కి, భంగా మీదుగా ఫరీద్‌పూర్ చేరిపోతాయి. దారి పొడవునా పల్లపు నేల. జనుపనార పొలాలు, చెరువులు, చెరువుగట్ల మీద కొబ్బరి, అరటి, వెదురుపొదలు. గోదావరి జిల్లాలవాళ్లు చూస్తే కోనసీమలోనే ఉన్నామా అనుకుంటారు. పట్టణాన్ని ఒరుసుకుంటూ కుమార్ నది. బెంగాలీ పల్లెబతుకును కవిత్వంలోకి తెచ్చిన జసీముద్దీన్ పుట్టింది ఈ జిల్లాలోనే.

కాస్త పరికించి చూస్తే పొలాలగట్ల మీద, బాటల వెంట మరో చెట్టు కనిపిస్తుంది. మనకు బాగా తెలిసిన చెట్టే... ఈతచెట్టు! తెలంగాణ ఈతవనాల్లో ఉన్నదీ, ఫరీద్‌పూర్ గట్లమీద ఉన్నదీ ఒకే జాతి. కాకపోతే అక్కడి చెట్టు మొదలు నుంచి మొవ్వు దాకా మెట్లుమెట్లుగా, వంకర్లు తిరిగి ఉంటుంది. ఓ ఏడాది ఓ పక్క, మరుసటి ఏడాది రెండో పక్క చెక్కుతారు మరి. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్ని చలికాలాలు రసమిచ్చిందో చెప్పెయ్యొచ్చు.

పొగమంచులో తీపి

ఈతచెట్టు గీసేవాణ్ని అక్కడ ‘గాఛీ’ అంటారు. గాఛ్ అంటే చెట్టు. చెట్టును నమ్ముకుని బతికేవాడు గాఛీ. మన గీత కార్మికుడి లాగే నడుముకు తాడు, చేతిలో కత్తి. నవంబరు చివర్లో చలి ముదరగానే అతని పని మొదలవుతుంది. మొవ్వు కింద బెరడు చెక్కి, తెల్లగా తేలిన చోట చిన్న వెదురుగొట్టం దిగ్గొట్టి, సాయంత్రం దానికింద మట్టికుండ కడతాడు. రాత్రంతా రసం బొట్లుబొట్లుగా కారుతుంది. చలి ఎంత ఎక్కువుంటే రసం అంత తేటగా, అంత తియ్యగా ఉంటుందని పేరు. సూర్యుడు పొడవకముందే కుండ దించాలి. ఎండెక్కితే పులుపు తిరుగుతుంది.

‘ఖెజూర్ రస్’ అని పిలిచే ఆ రసాన్ని దించిన వెంటనే తాగాలన్నది అక్కడి ముచ్చట. పట్నం నుంచి చుట్టాలొస్తే పొద్దున్నే లేపి గ్లాసు చేతికిస్తారు. పిల్లలు మరమరాలు కలుపుకుని తింటారు. మిగిలిన రసాన్ని వెడల్పాటి పెనాల్లో మరిగించి బెల్లం వండుతారు. కొత్తబెల్లంతో చేసే పిండివంటలు లేకుండా బెంగాలీల సంక్రాంతి గడవదు. పొగమంచులో కుండల కావడి మోసుకుంటూ వచ్చే గాఛీ బొమ్మ ఆ దేశంలో చలికాలానికే గుర్తు.

ఇంత తియ్యటి కథలోకి చావు ఎలా వచ్చింది?

అంతుచిక్కని జ్వరం

2001లో భారత సరిహద్దును ఆనుకుని ఉన్న మెహెర్‌పూర్ జిల్లాలో కొందరికి జ్వరం వచ్చింది. తలనొప్పి, మగత, ఆపైన స్పృహ తప్పడం. 13 మందికి సోకితే 9 మంది చనిపోయారు. అదే ఏడాది సరిహద్దుకు ఇవతల, మన సిలిగుడిలోనూ అలాంటి జ్వరమే 66 మందికి వచ్చింది. 45 మంది ప్రాణాలు పోయాయి. వారిలో రోగులకు సేవ చేసిన ఆసుపత్రి సిబ్బందీ ఉన్నారు. రెండు చోట్లా కారణం నిపా వైరస్సేనని తర్వాత పరీక్షల్లో తేలింది.

ఆ వైరస్ అప్పటికి రెండేళ్ల కిందటే మలేసియాలో బయటపడింది. 1998-99లో అక్కడి పందుల పెంపకందార్లలో 265 మందికి మెదడువాపు వచ్చి 105 మంది చనిపోయారు. పది లక్షలకు పైగా పందుల్ని చంపేశారు. రోగులున్న ఓ ఊరి పేరే వైరస్‌కు పెట్టారు. అది ఎక్కణ్నుంచి వచ్చిందో వెతుకుతూ కా బింగ్ చువా అనే వైద్యుడి బృందం టియోమాన్ దీవికి వెళ్లి, గబ్బిలాల చెట్లకింద ప్లాస్టిక్ పట్టాలు పరిచింది. వాటిమీద పడిన మూత్రపు చుక్కల్లో వైరస్ దొరికింది. పండ్లు తినే పెద్ద గబ్బిలాలే దానికి ఆశ్రయమని అలా రుజువైంది.

మరి బంగ్లాదేశ్‌లో అంతగా పందుల పెంపకం లేదే! 2004 వచ్చింది. ఈసారి వంతు ఫరీద్‌పూర్‌ది. 36 మందికి సోకింది, 27 మంది పోయారు. వాళ్లలో చాలామంది గబ్బిలం ముఖం కూడా చూసి ఉండరు. రోగికి అన్నం తినిపించినవాళ్లు, నోరు తుడిచినవాళ్లు, తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు... వాళ్లకే జబ్బు అంటుకుంది. ఓ మతపెద్ద మంచాన పడితే చూడవచ్చిన అనుచరులకూ సోకింది. ఆప్యాయతే ప్రాణం తీసిన రోజులవి. ఆ తర్వాత 14 ఏళ్ల లెక్కలు తీసి చూస్తే 248 మంది రోగుల్లో 82 మందికి మరో మనిషి నుంచే వచ్చినట్టు తేలింది. అంటే మూడోవంతు. మిగిలినవారికి?

జవాబు కొస 2005లో టాంగైల్‌లో దొరికింది. ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ సంస్థ నిపుణులు, ప్రభుత్వ వైద్యులు కలిసి రోగుల ఇళ్లకూ, పక్కింటివాళ్ల దగ్గరకూ వెళ్లి ఒకే పట్టిక ముందేసుకుని అడిగారు. ఏం తిన్నారు, ఏ చెట్టెక్కారు, ఏ జంతువును ముట్టుకున్నారు? (కలరాకు ఓఆర్ఎస్ ద్రావణం పనిచేస్తుందని లోకానికి చాటిన సంస్థ ఇదే.) జబ్బు పడినవాళ్లను, పడనివాళ్లను వేరుచేసింది ఒకే ఒక్క సంగతి... పచ్చి ఈతరసం. గబ్బిలాలొచ్చి కుండల్లో రసం తాగిపోతుంటాయని చెట్టు యజమాని ఒకాయన మామూలుగా చెప్పిన మాటతో ముడి వీడటం మొదలైంది.

చెట్టుకు వేలాడే ఊరు

బెంగాలీలు ‘బాదుర్’ అనే ఆ గబ్బిలం మనకు కొత్తదేమీ కాదు. మన ఊరి చివరి మర్రిమీద, చింతతోపులో పగలంతా తలకిందులుగా వేలాడుతూ, సాయంత్రం ఆకాశం నిండా బారులు తీరేది అదే. రెక్కలు చాపితే నాలుగడుగుల పైమాటే. మొహం చూస్తే బుల్లి నక్క. ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. పొట్టకు కరుచుకున్న పిల్లతోనే ఎగురుతుంది. రాత్రికి రాత్రే మైళ్లు తిరిగి పండ్లు తిని, గింజలు ఊసి, పూల పుప్పొడి మోసి అడవుల్ని పెంచే జీవి. నిపా వైరస్ ఒంట్లో ఉన్నా దానికి జబ్బు చెయ్యదు.

బంగ్లాదేశ్‌లో అడవులు ఏనాడో పలచబడ్డాయి. పాత తోపులు పొలాలయ్యాయి. దాంతో గబ్బిలాల పెద్ద గుంపులు చిన్నచిన్న గుంపులుగా చీలి ఊళ్ల పక్కన మిగిలిన చెట్లకు చేరాయి. చెరువుగట్టు రావిచెట్టు, పెరట్లో వెదురుపొద, ఏదైతేనేం. మనిషికీ గబ్బిలానికీ మధ్య దూరం నాలుగు బారలే. ఆ దేశంలో ఈ గబ్బిలాలు ఎక్కువ దూరం వలసపోవనీ, ఏడాదంతా దాదాపు అదే ప్రాంతంలో ఉంటాయనీ ఉపగ్రహ పట్టీలు కట్టి చూసినప్పుడు తేలింది. వాటికీ ఊరిమీద మమకారం ఎక్కువే అన్నమాట!

రాత్రి మూడింటికి వల

వైరస్ గబ్బిలాల్లో ఉందని తెలిస్తే సరిపోదు. ఎన్నింటిలో ఉంది? ఎప్పుడు బయటికొస్తుంది? చలికాలంలో మాత్రమే ఎందుకు మనుషులు చనిపోతున్నారు? వీటికి జవాబు ఒక్కసారి పరీక్షిస్తే రాదు. ఏళ్లతరబడి అదే గుంపును చూడాలి. అమెరికా పరిశోధకుడు జొనాథన్ ఎప్‌స్టీన్ బృందం, ఐసీడీడీఆర్‌బీ నిపుణులు కలిసి 2006లో ఆ పనికి దిగారు. దేశంలో వేర్వేరు చోట్ల గబ్బిలాలను పరీక్షిస్తూనే, దీర్ఘకాల పరిశీలనకు ఫరీద్‌పూర్ ప్రాంతపు గుంపుల్ని ఎంచుకున్నారు. దాదాపు మూడు నెలలకోసారి వెళ్లడం, సుమారు వంద గబ్బిలాల్ని పరీక్షించి రావడం. 2012 దాకా ఇదే వరస.

ఈ పని వినడానికి తేలిక. చెయ్యడానికి కాదు. గబ్బిలాలు మేతకు వెళ్లాక ఎత్తయిన చెట్లమధ్య, వెదురు గడలమీద సన్నటి దారపు వలలు ఎక్కిస్తారు. జెండా ఎగరేసినట్టు తాడు, కప్పీలతో వలను లాగాలి. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి కడుపు నింపుకున్న గబ్బిలాలు గూటికి తిరిగొస్తుంటే ఒకటీ రెండూ వలలో పడతాయి. వెంటనే వలదించి చిక్కు విడదీయాలి. ఆలస్యమైతే రెక్క చిరుగుతుంది. తొందరపడితే కోరపళ్లు చేతిలో దిగుతాయి. ఒంటినిండా తొడుగు, కళ్లద్దాలు, మాస్కు, మందపాటి తోలు చేతొడుగులు... డిసెంబరు చలిలో సరే, మే నెల ఉక్కలో ఆ వేషంతో పనిచెయ్యడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

పట్టిన గబ్బిలాన్ని గుడ్డసంచిలో వేస్తారు. మత్తిచ్చి బరువు తూస్తారు. ముంజేయి పొడవు కొలుస్తారు. ఆడా మగా, పిల్లా పెద్దా రాసుకుంటారు. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా, కొద్దిగా రక్తం, మూత్రం తీసుకుంటారు. చర్మం కింద బియ్యపుగింజంత చిప్ పెడతారు. మళ్లీ ఎప్పుడైనా వలలో పడితే పాత నేస్తమేనని గుర్తుపట్టడానికన్నమాట. మత్తు దిగాక వదిలేస్తారు. మరోపక్క చెట్టుకింద ప్లాస్టిక్ పట్టాలు. గూటికొచ్చిన గబ్బిలాలు మూత్రం పోయగానే ఆ చుక్కల్ని గొట్టాల్లోకి ఎక్కించడం, గడ్డకట్టే చలిలో భద్రపరిచి ప్రయోగశాలకు పంపడం.

ఒక్కదాన్నీ చంపకుండా పరీక్షించడమే ఇందులో కీలకం. అదే గుంపు, అదే చెట్టు మళ్లీ కావాలి. బెదిరిపోయి వెళ్లిపోతే కాపలాకు అర్థమే ఉండదు. అందుకే ఊరివాళ్లతో పొత్తు ముఖ్యం. ‘మా చెట్టు నరికెయ్యాలంటారా?’ అన్న భయం అక్కడ సహజం. ఆ భయం పోగొట్టాకే వల వెయ్యడానికి వీలవుతుంది.

ఆరేళ్ల కాపలా చెప్పిందేమిటి?

మొత్తం 2,789 గబ్బిలాలు. ఫలితాలు 2020లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో వచ్చాయి. అప్పటిదాకా అందరూ అనుకుంటున్న రెండు మాటల్ని అవి తిరగరాశాయి.

మొదటిది... మనుషుల్లో నిపా కనబడేది ఎక్కువగా దేశం మధ్య, వాయవ్య జిల్లాల్లోనే. దాన్ని ‘నిపా బెల్టు’ అంటారు. మరి గబ్బిలాల సంగతి? ఆ బెల్టు లోపలా బయటా కూడా వాటి రక్తంలో నిపా యాంటీబాడీలున్నాయి. అంటే వైరస్‌కు బెల్టూ లేదు, గిల్టూ లేదు. దేశమంతా ఉంది.

రెండోది... వైరస్ చలికాలంలోనే విజృంభిస్తుందనుకున్నారు. కాదు. గబ్బిలాల గుంపులో అది ఏ నెలలోనైనా తిరగొచ్చు. తల్లినుంచి పిల్లకు వచ్చిన రక్షణ కొన్నాళ్లకు పోతుంది. పెద్దవాటిలోనూ క్రమంగా తగ్గుతుంది. రక్షణలేని గబ్బిలాలు గుంపులో పెరిగినప్పుడు వైరస్ మళ్లీ రాజుకుంటుంది. కొన్నేళ్లకోసారి వచ్చే పోటు, ఆటు అది. అంతేకాదు, ఒక్కో గబ్బిలాన్ని చూస్తే వైరస్ బయటికి వదిలే సందర్భాలు చాలా అరుదు. వేల నమూనాల్లో బతికున్న వైరస్ ఆనవాళ్లు దొరికింది కొద్దింటిలోనే.

మరి చావులు చలికాలంలోనే ఎందుకు? ఎందుకంటే రసం దిగేది చలికాలంలో కాబట్టి! గబ్బిలం ఏడాదంతా ఉంటుంది. కుండ నాలుగు నెలలే ఉంటుంది. ఆ రెండూ కలిసినచోటే జబ్బు. 2007 నుంచి 2013 దాకా లెక్కలు చూసిన మరో పరిశోధనలో చలి ఎక్కువున్న ఏడాది కేసులూ ఎక్కువగానే కనిపించాయి. చలి పెరిగితే రసానికి గిరాకీ. అదే కాలంలో గబ్బిలాలకు పండ్ల కరువు.

అదే జాతి గబ్బిలాలు విజ్ఞానానికి మరో పాఠమూ చెప్పాయి. బంగ్లాదేశ్‌లో సేకరించిన 1,897 నమూనాల్ని వడగట్టి చూస్తే 9 కుటుంబాలకు చెందిన 55 వైరస్‌లు కనిపించాయి. ఆ లెక్కన పాలిచ్చే జంతువులన్నింటిలో ఈ తొమ్మిది కుటుంబాల వైరస్‌లే కనీసం 3,20,000 ఉండొచ్చని 2013లో శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అన్నింటినీ వెతికి పట్టడం ఎవరి తరం? వైరస్‌ల జాబితా రాసుకోవడం కన్నా, అవి మన దగ్గరకొచ్చే దారుల్ని కనిపెట్టడం ముఖ్యమని ఫరీద్‌పూర్ అనుభవం చెబుతోంది.

కెమెరాకు చిక్కిన దొంగ

దారి కళ్లారా చూడాలి కదా! ఈతచెట్లకు పరారుణ కెమెరాలు బిగించారు. చీకట్లో దొరికిన ఫొటోలు చూస్తే ఇక సందేహమే లేదు. గబ్బిలం వచ్చి చెక్కినచోట వాలుతుంది. కారే రసాన్ని నాలుకతో నాకుతుంది. గొట్టం పట్టుకుని వేలాడుతుంది. ఉన్నచోటే మూత్రం పోస్తుంది. అది కారేది ఎటు? కింద కట్టిన కుండలోకే.

అక్కడే పరిష్కారమూ ఉంది. ‘బానా’ అని వెదురుబద్దలతో అల్లే చాప ఒకటుంది. గీసినచోటు, గొట్టం, కుండ మూతి కప్పేలా దాన్ని చెట్టుకు పరికిణీలా చుడితే గబ్బిలానికి రసం అందదు. కొందరు గాఛీలు గబ్బిలాలూ పక్షులూ రసం పాడుచెయ్యకుండా ముందునుంచే వాడుతున్న ఉపాయమిది. పరిశోధకులు వెదురుతోనే కాదు, జీలుగ కర్రలతో, జనుపనార పుల్లలతో, ప్లాస్టిక్ పట్టాతో కూడా చాపలు చేయించి కెమెరా పెట్టి చూశారు. గబ్బిలాలు వచ్చాయి. చుట్టూ తిరిగాయి. రసం ముట్టుకోలేక వెళ్లిపోయాయి. 2012లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. వేల గబ్బిలాలను పరీక్షించిన విజ్ఞానం చివరికి వచ్చి ఆగింది ఓ వెదురుచాప దగ్గర!

అంత తేలికైతే చావులు ఎందుకు ఆగలేదు? ఇక్కడే ఉంది అసలు చిక్కు. చాప అల్లడానికి వెదురు కావాలి, పూట పని పోతుంది. ఒక్కో గాఛీకి ఎన్నో చెట్లు. రోజూ ఎక్కి గీసేటప్పుడు చాప విప్పాలి, మళ్లీ కట్టాలి. ఇంత చేసినా కుండకు పైసా ఎక్కువ రాదు. బెల్లానికి పోయే రసమైతే ఎలాగూ మరుగుతుంది, వైరస్ చస్తుంది. దానికి చాప ఎందుకన్నది అతని లెక్క. కానీ ఆ కుండలోంచే ఎవరో చుట్టాలకని, పిల్లాడు అడిగాడని ఓ చెంబుడు పచ్చిరసం పోయించుకుపోతారు. తాతముత్తాతల నాటినుంచి తాగుతున్నాం, ఏమీ కాలేదే అన్నది ఊరి మాట. అదీ అబద్ధం కాదు. వెయ్యి కుండల్లో ఒక కుండకే ప్రమాదం. ఏ కుండో మాత్రం చూసి చెప్పలేం. రంగు మారదు, వాసన మారదు, తీపి తగ్గదు.

అందుకే ప్రభుత్వం ఏటా చలికాలం రాగానే పచ్చిరసం అసలు తాగొద్దంటుంది. తాగేవాళ్లు ఎలాగూ తాగుతారు కాబట్టి చాప కట్టిన రసమైనా తాగమని చెప్పాలన్నది కొందరి వాదన. రెండు రకాల ప్రచారాన్నీ పల్లెల్లో చేసి చూశారు. ఈమధ్య పట్నాల్లోనూ పచ్చిరసానికి గిరాకీ పెరిగి, సీసాల్లో దూరాలకు వెళ్తోంది. ఒకప్పుడు చెట్టున్న ఊరికే పరిమితమైన ప్రమాదం ఇప్పుడు బస్సెక్కుతోంది.

2001 నుంచి ఇప్పటిదాకా బంగ్లాదేశ్‌లో 340 మందికి పైగా నిపా బారిన పడ్డారు. ప్రతి పదిమందిలో ఏడుగురు బతకలేదు. 2023లో 14 మందికి వస్తే 10 మంది, 2024లో అయిదుగురికి వస్తే అయిదుగురూ పోయారు. కేసుల్ని వెంటనే పట్టుకోవడానికి ఫరీద్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రితోపాటు మరికొన్ని ఆసుపత్రుల్లో 2006 నుంచీ ప్రత్యేక నిఘా నడుస్తోంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తయారుచేసిన టీకాను 2024 జనవరిలో మనుషులమీద పరీక్షించడం మొదలెట్టారు. అది పల్లెకు చేరేదాకా దిక్కు ఆ చాపే.

మన ఈతచెట్టు సంగతేంటి?

అదే చెట్టు, అదే గబ్బిలం మన దగ్గరా ఉన్నప్పుడు ఈ ప్రశ్న రాకమానదు. మనదేశంలో నిపా మనుషులకు సోకింది పశ్చిమబెంగాల్, కేరళల్లో. 2018 మేలో కోజికోడ్ జిల్లాలో అది బయటపడినప్పుడు మొదట ఓ బావిలోని చిన్న గబ్బిలాల మీద అనుమానమొచ్చింది. పరీక్షిస్తే వాటిలో వైరస్ లేదు. అవి పురుగులు తినేవి. తర్వాత పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పండ్లు తినే 52 పెద్ద గబ్బిలాలను పరీక్షిస్తే పదింటిలో దొరికింది. కేరళలో పచ్చి ఈతరసం తాగే అలవాటు లేదు. గబ్బిలం నుంచి తొలి రోగికి వైరస్ ఎలా చేరిందో నేటికీ స్పష్టంగా తేలలేదు. ఒక్కో చోట ఒక్కో దారి. అందుకే ఒక్కో చోటా విడిగా కాపలా కాయాలి. ఆ సంస్థ వివిధ రాష్ట్రాల్లో చేసిన సర్వేలో కేరళ, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సహా 9 రాష్ట్రాల్లోనూ పుదుచ్చేరిలోనూ గబ్బిలాల్లో నిపా యాంటీబాడీలున్నట్టు 2023లో వెల్లడించారు. అదే సంస్థ కరోనా వైరస్‌ల కోసం పది రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల గబ్బిలాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించింది. అందులో తెలంగాణ నమూనాలూ ఉన్నాయి. వాటిలో ఆ వైరస్‌లు కనిపించలేదు.

మన దగ్గర ఈతచెట్టు ఇచ్చేది ఎక్కువగా కల్లు. పులిసిందే తాగుతాం. పులిస్తే భయం లేదా అంటే, బంగ్లాదేశ్‌లో 2011-14 మధ్య వచ్చిన కొన్ని కేసులు పులియబెట్టిన ఈతకల్లుతో ముడిపడి ఉన్నాయి. ఇక పులవని నీరా ఇప్పుడు ఆరోగ్యపానీయంగా ప్రచారంలో ఉంది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫే వచ్చింది. ఇదంతా చెప్పడం భయపెట్టడానికి కాదు. లొట్టి మూతిని గబ్బిలానికి అందకుండా కప్పి ఉంచడం మోకు, ముస్తాదు ఎరిగిన గీత కార్మికుడికి కొత్తగా నేర్పాల్సినంత పెద్ద విద్యేమీ కాదు. దాన్ని అడిగి తెలుసుకోవాల్సింది, కాస్త ఎక్కువ ధర ఇవ్వాల్సింది తాగేవాళ్లు.

గబ్బిలం ఇంట్లోకొస్తే అరిష్టమన్న నమ్మకం మనది. ఆ గబ్బిలాన్నే కాశీనాథుడికి కబురు మోసే దూతను చేశాడు మహాకవి జాషువా. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించేదాకా పండ్లు తినే గబ్బిలాలు ఎలుకలతోపాటు హానికర జంతువుల జాబితాలో ఉండేవి. ఎక్కడ వైరస్ వార్త వచ్చినా మొదట గుర్తొచ్చేది గొడ్డలే. కానీ చెట్టు కొట్టేస్తే గబ్బిలాలు మాయమైపోవు. చెదిరి మరో పది ఊళ్లకు, మన పెరళ్లకు మరింత దగ్గరగా వస్తాయి. అడవులు పోయిన బంగ్లాదేశ్‌లో జరిగింది అదే.

ఫరీద్‌పూర్‌లో ఆరేళ్లు వలలు వేసినవాళ్లు చెట్లు కొట్టమనలేదు. గబ్బిలాల్ని తరమమనలేదు. చెట్టు వాటికి వదిలేసి, కుండ మూతి మాత్రం కప్పుకొమ్మన్నారు. అంతకు మించి ఖర్చులేని మందు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.